ఊరి ఆరోగ్యమునకు బాధ్యులెవరు?



ఈ ఉదయము మీరు నల్లా క్రింద బిందె పెట్టి నీళ్లు పట్టుకొంటిరి. ఆ నీటిలో క్లోరిను కలిసినదో లేదో నిన్న గాని మొన్న గాని ఎవరైనను పరీక్షించిరా? మీ వీధి మోరీని కడపటిసారి ఎప్పుడు తీసిరి? పొరుగింటి బిడ్డకు మూడు దినములుగా జ్వరము కాయుచున్న సంగతి మీ ఊరి ఆశా కార్యకర్తకు తెలియునా? తెలిసిన యెడల ఆమె ఎవరితో చెప్పెను? విన్నవారు ఏమి చేసిరి?

ఈ ప్రశ్నలను నేను మన ప్రాంతములోని పలు గ్రామములలో, ఆరాధన ముగిసి మందిరము ముంగిట కూర్చున్న పెద్దలను అడిగియున్నాను. "గవన్నీ సర్కారోళ్లు జూసుకుంటరు సారూ" అనునదే తరచుగా దొరకిన జవాబు. ఆ జవాబులో నమ్మకమున్నది గాని వివరము లేదు. ఏలయనగా సర్కారు అనగా ఒక్క మనిషి కాదు. ఊరి ట్యాంకు వరకు నీళ్లు తెచ్చువారు ఒకరు, ట్యాంకు నుండి మీ ఇంటికి పంచువారు మరియొకరు. మోరీ తీయించువారు ఒకరు, సూదిమందు వేయువారు ఇంకొకరు, పసిపిల్లకు గ్రుడ్డు పెట్టువారు వేరొకరు. ఒక్కొక్కరికి పైన ఒక్కొక్క కార్యాలయము, ఒక్కొక్క రిజిష్టరు. ఇన్ని చేతులను ఒక్క పనికి చేర్చు మనిషి ఒకరు ఉండవలెను. ఇంగ్లీషు చదివినవారు అట్టివారిని కోఆర్డినేటర్లు అందురు. కాగితములలో సమన్వయకర్తలు అని వ్రాయుదురు. ఊరివారు "అందరిని కూడగట్టే మనిషి" అందురు. ఆ మనిషిని గూర్చియే ఈ నెల మీతో మాటలాడగోరుచున్నాను.

మన వికారాబాదు, తాండూరు ప్రాంతమును ఒకసారి మనస్సునకు తెచ్చుకొనుడి. అనంతగిరి కొండలలో రెండు నదులు పుట్టుచున్నవి. మూసీ తూర్పునకు పారి హైదరాబాదు నగరము నడుమ పోవుచున్నది. కాగ్నా పడమటికి పారి, తాండూరును తాకి, కర్ణాటకలో భీమా నదిని చేరుచున్నది. రెండును కడకు కృష్ణలోనే కలియుచున్నవి. కొండమీద కురిసిన వాన ఏ మండలము, ఏ శాఖ అని అడుగక పారునట్లే, రోగము కూడ మన ఇంట పుట్టి పొరుగింటికి, పొరుగూరికి అడుగకయే పోవును. ఆపవలసినవారు మాత్రము మండలములుగాను శాఖలుగాను విడిపోయి ఉన్నారు.

దవాఖానలు మనకు లేకపోలేదు. మెథడిస్టు మిషనువారు పూర్వమే వికారాబాదులో ఆసుపత్రి కట్టిరి. అనంతగిరి కొండమీద క్షయ రోగుల ఆసుపత్రి ఉన్నది. తాండూరులో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి ఉన్నది. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా ఏర్పడెను. 2023 సెప్టెంబరులో వికారాబాదు పట్టణమునకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చెను. ఇవన్నియు గొప్ప మేలులే. అయినను ఆసుపత్రి అనగా రోగము వచ్చిన తరువాత మనము వెళ్లు చోటు. రోగము బయలుదేరు చోటు వేరు. అది పగిలిన పైపు దగ్గర, నిండిన మోరీ దగ్గర, మూత లేని గోళెము దగ్గర ఉన్నది. ఆ చోట్లు డాక్టరుగారి చేతిలో లేవు. అవి పంచాయతీ చేతిలోను, పురపాలక సంఘము చేతిలోను ఉన్నవి.

ఇది ఎట్లు ఏర్పడెనో కొంచెము చెప్పెదను. మన పొరుగుననున్న షాద్‌నగర్‌లో 1959 అక్టోబరు 11న జవహర్‌లాల్ నెహ్రూగారు ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. ఊరి పనులు ఊరివారే చేసికొనవలెనని దాని భావము. 1993 ఏప్రిల్ 24 నుండి అమలైన 73వ రాజ్యాంగ సవరణలో పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయములను ఒక పట్టికగా వ్రాసిరి. అందులో త్రాగునీరు ఒకటి, ఆరోగ్యము మరియు పారిశుద్ధ్యము మరియొకటి, స్త్రీ శిశు సంక్షేమము ఇంకొకటి. పట్టణములకు 74వ సవరణలో అట్టి పట్టికయే ఉన్నది. 2018వ సంవత్సరపు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము వచ్చిన తరువాత మన తండాలు అనేకము స్వంత పంచాయతీలు ఆయెను. 15వ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వరకు దేశమంతటి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యమునకే 70,051 కోట్ల రూపాయలు ఇవ్వవలెనని సిఫారసు చేసెను. కాబట్టి ఊరి ఆరోగ్యములో ఊరి పంచాయతీకి హక్కును కలదు, బాధ్యతయు కలదు.

ఇక పని చేయు చేతులను చూడుడి. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనది. సుమారు వెయ్యిమందికి ఒక ఆశా కార్యకర్త ఉండవలెనని అప్పుడు నిర్ణయించిరి. మైదాన ప్రాంతములో అయిదు వేలమందికి ఒక ఉపకేంద్రము, అందులో నర్సమ్మ. ముప్పది వేలమందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, అందులో డాక్టరు. వీరు వైద్య శాఖవారు. పంచాయతీ కార్యదర్శి, సఫాయి పనివారు, నీళ్లు విడుచు మనిషి పంచాయతీవారు. అంగన్‌వాడీ టీచరు స్త్రీ శిశు సంక్షేమ శాఖవారు. బడి సారు విద్యా శాఖవారు. నర్సమ్మ సర్పంచికి జవాబుదారు కాదు. కార్యదర్శి డాక్టరుకు జవాబుదారు కాడు.

వీరందరిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టుటకే గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ అనునది ఏర్పరచబడెను. జాతీయ మార్గదర్శకముల ప్రకారము అందులో పదునైదుగురికి తక్కువ కాకుండ సభ్యులు ఉండవలెను. సగము మంది స్త్రీలు కావలెను. పంచాయతీ సభ్యులలో ఒకరు, స్త్రీ అయిన మరి మంచిది, అధ్యక్షత వహింపవలెను. ఆశా కార్యకర్త కార్యదర్శిగా ఉండవలెను. నెలకొకసారి కూడవలెను. ఏటికి పదివేల రూపాయల నిధి చేతిలో ఉండునట్లు ఏర్పాటు చేసిరి. ఆ పైకము చిన్నదే, గాని ఒక నెల రాత్రికి రాత్రే బ్లీచింగ్ పౌడరు కొనవలసివచ్చినప్పుడు, లేక పేదరాలైన గర్భిణిని ఆటోలో పంపవలసివచ్చినప్పుడు, పైనుండి మంజూరు వచ్చువరకు కాచుకొనక పని జరుగును. ప్రియులారా, మీ ఊరి కమిటీలో ఎవరెవరున్నారో మీకు తెలియునా? అది గత నెల కూడినదా?

సంగతి ఎంత ముఖ్యమైనదో నేను కన్నులార చూచినది చెప్పెదను. కొన్ని ఏండ్ల క్రిందట వానకాలములో మా ఊరి క్రింది వాడలో వాంతులు, బేదులు పుట్టెను. మొదటి దినము రెండిండ్లు, మూడవ దినమునకు పదకొండు ఇండ్లు. నర్సమ్మ బడిలో మంచములు వేయించి సెలైను పెట్టించెను. ఉప్పు చక్కెర నీళ్లు ఇంటింటికి మోసిరి. పాపము, ఆమె రెండు రాత్రులు నిద్రపోలేదు. అయినను క్రొత్తవారు పడుచునే ఉండిరి. పంచాయతీవారిని అడిగితిమి. "ట్యాంకుల మందు ఏసినం, నీళ్లు మంచిగనే ఉన్నయి" అనిరి, అది నిజమే. పైనుండి నీళ్లు పంపు కార్యాలయమును అడిగితిమి. "ట్యాంకు దాకనే మా పని" అనిరి, అదియు నిజమే. ఎవరును అబద్ధమాడలేదు. అందరి మాటలు నిజమై ఉండగానే, నాలుగవ నాటి తెల్లవారుజామున మా వాడలోని ఒక ముసలమ్మ ప్రభువునందు నిద్రించినది. మా పిల్లలందరికి కథలు చెప్పిన ఆమె అది.

ఆ ఉదయమే ఆరోగ్య పర్యవేక్షకురాలు ఒకామె వచ్చెను. నడివయస్సు స్త్రీ, చేతిలో ఒక సంచి, ఒక నోటు పుస్తకము. ఆమె మొదట ఎవరిని తప్పు పట్టలేదు. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని ఇంటింటికి నడిచెను. "ఏ దినాన మొదలైందమ్మా? నీళ్లు ఏడికెల్లి తెస్తరు? బోరింగు నీళ్లా, నల్లా నీళ్లా?" అని అడిగి, ఒక కాగితముపై వాడను గీసి, రోగమున్న ఇంటికి ఒక చుక్క పెట్టెను. మధ్యాహ్నమునకు చుక్కలన్నియు ఒక్క పైపు వెంబడి, దాని కొస భాగములోనే వరుసగా కనబడెను. అదే వాడలో బోరింగు నీళ్లు త్రాగు మూడిండ్లకు చుక్క లేదు. అప్పుడామె ఆ పైపు వెంట నడిచెను. ఒక మూల అది మోరీలోగుండ పోవుచున్నది. అతుకు విడిపోయియున్నది. నీళ్లు విడిచినప్పుడు పైపులో ఒత్తిడి ఉండుటచేత నీరు బయటికి కారును. నీళ్లు ఆపినప్పుడు మోరీ నీరు లోపలికి పీల్చుకొనును. ట్యాంకులో మంచి నీరే; కొసనున్న నల్లాలో విషము.

పిమ్మట ఆమె చేసినదే నేను మీకు చెప్పదలచిన ముఖ్య విషయము. ఆమెకు పైపు బాగుచేయు అధికారము లేదు. సర్పంచిని ఆజ్ఞాపించు అధికారము లేదు. ఆమె సర్పంచిని, కార్యదర్శిని, నీళ్లు విడుచు మనిషిని, నర్సమ్మను ఆ మోరీ ఒడ్డునకే పిలిపించెను. కార్యాలయమునకు కాదు, ఆ చోటికే. "అన్నా, నువ్వే జూడు" అని సర్పంచితో అనెను. అందరు చూచిరి. చూచిన తరువాత ఎవరును "మా పని గాదు" అనలేకపోయిరి. సాయంత్రమునకు వాల్వు మూసిరి, ట్యాంకరు వచ్చెను, పైపును మోరీనుండి తప్పించి వేసిరి. మా అయ్యగారు మందిరపు గంట వేళకాని వేళ మ్రోగించి, నీళ్లు కాచి త్రాగవలెనని వాడవాడకు చెప్పించిరి. మసీదులోనుండియు, హనుమాన్ గుడినుండియు మైకులో అదే మాట చెప్పిరి. రెండు దినములకు క్రొత్త రోగి లేడు. ఆమె తిరిగి వచ్చినప్పుడు ట్యాంకు దగ్గర కాదు, కొసయింటి నల్లా దగ్గర క్లోరిను పరీక్షించెను.

ఇట్టి పని ఈనాడు పుట్టినది కాదు. 1854లో లండను నగరములోని బ్రాడ్ వీధిలో కలరా పుట్టి కొద్ది దినములలోనే వందలమంది చనిపోయిరి. జాన్ స్నో అను డాక్టరు ఇంటింటికి పోయి విచారించి, ఆ వీధి పంపు నీటిలోనే విషమున్నదని గ్రహించెను. గాని పంపు అతనిది కాదు. అతడు ఆ పేట స్థానిక పాలక మండలి యొద్దకు వెళ్లి చెప్పగా, వారు సెప్టెంబరు 8న పంపు పిడిని తీయించిరి. ఆ పేటలోని సంఘములో హెన్రీ వైట్‌హెడ్ అను యౌవనస్థుడైన పాదిరి ఉండెను. అతడు మొదట డాక్టరు మాట నమ్మలేదు. అది తప్పని చూపుటకే తన సంఘస్థుల ఇండ్లన్నియు తిరిగి విచారించెను. విచారించినకొలది డాక్టరు మాటయే నిజమని తేలెను. పంపు బావికి కొద్ది అడుగుల దూరములోనున్న ఒక ఇంటిలో పసిబిడ్డ బేదులతో జబ్బుపడగా, ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు అక్కడి మలపు గుంటలో పోసిరి. ఆ గుంట బావిలోనికి ఊరుచుండెను. ఈ మొదటి రోగిని కనుగొన్నది ఆ పాదిరియే. డాక్టరు తెలివి, పాలక మండలి అధికారము, పాదిరికి ఇంటింట ఉన్న పరిచయము, ఈ మూడును కూడినందున నిజము బయటపడెను. మన సంఘకాపరులు ఈ సంగతి మరువకుందురు గాక.

మన దేశములోని ఒక జయమును కూడ చెప్పెదను. మీలో వృద్ధులైనవారికి నారికురుపు జ్ఞాపకముండును. మెట్ల బావిలో దిగి నీళ్లు ముంచు ఊళ్లలో అది ఉండెడిది. కంటికి కనబడీ కనబడని నీటి పురుగులో దాని పిల్ల ఉండును. ఆ నీరు త్రాగిన యేడాదికి, మూరెడు కాదు రెండు మూరల తెల్లని పురుగు కాలు చీల్చుకొని వచ్చును. రైతు మంచము దిగలేడు, సేద్యము చెడును. ఆ మనిషి మంటకు తాళలేక కాలు నీటిలో పెట్టినప్పుడు పురుగు మరల వేల పిల్లలను ఆ నీటిలో విడుచును. దీనికి టీకా లేదు, చంపు మందు లేదు. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రములలో ఇది ఉండెను. 1983-84లో దీని నిర్మూలన కార్యక్రమము మొదలాయెను. ఆరోగ్య కార్యకర్త రోగిని వెదకెను. ఇంజనీరు మెట్ల బావిని చేదబావిగా మార్చెను, బోరింగు వేసెను. గృహిణి గుడ్డతో నీళ్లు వడగట్టెను. ఊరి పెద్ద, కాలిలో పురుగున్నవాడు బావిలో దిగకుండ చూచెను. ఇందులో ఏ ఒక్కరు మానినను పని చెడియుండును. 1996 జులైలో కడపటి రోగి కనబడెను. 2000 ఫిబ్రవరిలో భారతదేశము నారికురుపు లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. మందు లేని రోగమును కూడ మనుష్యులు కూడి ఓడించిరి.

తాండూరు సంగతి కొంచెము వేరు. అక్కడి నాపరాయి దేశమంతట పేరు పొందినది. గనులలోను పాలిషింగు యూనిట్లలోను వేలమంది బ్రదుకుచున్నారు. అట్టి పనివాడు ఒకడు రెండు వారములుగా దగ్గుచున్నాడనుకొనుడి. అది క్షయయా, దుమ్ము జబ్బా? రాతి దుమ్ములో సిలికా ఉన్నచోట అది ఊపిరితిత్తులను చెరచుటయేగాక, క్షయ సోకు అపాయమును కూడ హెచ్చించును. కళ్లె పరీక్ష వైద్య శాఖది. దుమ్ము అణచుటకు నీళ్లు చల్లించు బాధ్యత యజమానిది. దానిని తనిఖీ చేయువారు ఫ్యాక్టరీల శాఖవారు, కాలుష్య నియంత్రణ మండలివారు. వీధి దుమ్ము పురపాలక సంఘముది. క్షయ రోగికి సాధారణముగా ఆరు నెలల మందు. ఆ కాలములో పోషకాహారము కొరకు కేంద్ర ప్రభుత్వము 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండెను. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసిరి. గాని రోగి పని కొరకు ఊరు మారి పోయినచో మందు ఆగును, పైకము ఆగును, రోగము మొండిదగును. రెండు వారములు దాటిన దగ్గును చూచి, "అన్నా, రేపు నాతో దవాఖానకు రా" అని చేయిపట్టి తీసికొనిపోయి, ఊరు మారినప్పుడు ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోను చేసి చెప్పు మనిషి అక్కడ కావలెను.

దోమల విషయములోను అంతే. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ అను డాక్టరు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. డెంగ్యూ దోమ పగటివేళ కుట్టును. గోళెములోను, కూలరులోను, పాత టైరులోను నిలిచిన మంచి నీటిలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమ యగుటకు వారము పది దినములు పట్టును. అందుచేతనే శుక్రవారము డ్రై డే అని పెట్టి, వారమునకొకసారి నీటి పాత్రలన్నియు వంచి ఆరబెట్టుమనుచున్నారు. ఒక వాడ వంచి మరియొక వాడ వంచని యెడల ఫలము లేదు. అందరిచేత ఒకే దినమున చేయించుటయే సమన్వయకర్త పని.

నెహెమ్యా గ్రంథమును మీరు చదివియున్నారు. యెరూషలేము గోడలు పడిపోయియుండగా అతడు రాగానే ఉపన్యాసము చెప్పలేదు. రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని గోడ చుట్టు తిరిగి, ఎక్కడ ఎంత పడినదో కన్నులార చూచెను. పిమ్మట ప్రజలను పిలిచి, అనేకులకు వారి వారి ఇంటికి ఎదురుగానున్న భాగమును అప్పగించెను. యాజకులు కట్టిరి, కంసాలులు కట్టిరి, ఒకడు తన కుమార్తెలతో కూడ కట్టెను. కొందరు ఘనులు మెడ వంచలేదని కూడ ఆ గ్రంథము దాచక చెప్పుచున్నది. మొదట చూచుట, తరువాత పిలుచుట, పిమ్మట ఎవరి పాలు వారికి పంచుట, పని ముగియువరకు విడువకుండుట: మా వాడకు వచ్చిన ఆ స్త్రీ ఈ క్రమముననే చేసెను.

అయితే వీరి కష్టమును కూడ మనమెరుగవలెను. వీరిపై బాధ్యత ఎక్కువ, అధికారము తక్కువ. పగలు ఇండ్లు తిరిగి, రాత్రి ఫోనులో లెక్కలు ఎక్కించుట వీరికి భారమాయెను. ఒక్కొక్కసారి వీరితో మాటలాడవలసిన మనిషియే ఊరిలో ఉండడు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ సర్పంచుల పదవీకాలము ముగిసెను. 2025 డిసెంబరులో ఎన్నికలు జరుగువరకు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉండెను. ఒక్కొక్క అధికారికి పలు ఊళ్లు. ఆ కాలములో మోరీ ఒడ్డునకు "అన్నా, నువ్వే జూడు" అని పిలుచుటకు ఊరిలో అన్న లేడు. ఇప్పుడు క్రొత్త సర్పంచులు వచ్చియున్నారు. వారిలో అనేకులు మొదటిసారి పదవికి వచ్చినవారు. ఆరోగ్య కమిటీ అనునది ఒకటి ఉన్నదని వారికి మర్యాదగా జ్ఞాపకము చేయుట ఓట్లు వేసిన మన ధర్మము.

సంఘముగా మనము ఏమి చేయగలము? ధారూరు జాతరకు మీరు ప్రతి నవంబరు పోవుచున్నారు గదా. పలు రాష్ట్రముల ప్రజలు వచ్చి గుడారములు వేసికొందురు. అక్కడ నీళ్లు, మరుగుదొడ్లు, వైద్య శిబిరము, చెత్త, దారి, వెలుతురు అన్నిటికి ముందుగానే పెద్దలును అధికారులును కూడి మాటలాడకుండిన ఆ కొద్ది దినములు గడచునా? ఇశ్రాయేలీయుల పాళెములో కూడ మలవిసర్జనకు వెలుపల చోటు, పూడ్చుటకు పనిముట్టు ఉండవలెనని మోషే ధర్మశాస్త్రము నియమించెను. జాతర దినములలో చేయు జాగ్రత్తను మన ఊరిలో ఏడాది పొడుగున చేయవలెను.

కాబట్టి నాలుగు చిన్న పనులు చెప్పెదను. మొదటిది, వచ్చే ఆదివారము ఆరాధన తరువాత స్త్రీల సమాజమువారు ఆశా కార్యకర్తను పిలిచి, కమిటీ కూడు తేదీని అడిగి, ఆ తేదీని మందిరపు నోటీసు బోర్డుమీద వ్రాయుడి. మన సంఘమునుండి ఒక స్త్రీయు ఒక పురుషుడును ఆ దినమున తప్పక పోవలెను. ఆశా కార్యకర్త ఏ మతస్థురాలైనను ఆమెకు కుర్చీ వేసి కూర్చుండబెట్టుడి, మంచినీళ్లిచ్చి మాట వినుడి.

రెండవది, నీటి లెక్క నేర్చుకొనుడి. వెయ్యి లీటర్ల నీటికి మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు రెండున్నర గ్రాములు చాలును. నలువది వేల లీటర్ల ట్యాంకుకు నూరు గ్రాములు. కలిపిన తరువాత అరగంట ఆగవలెను. తేమ తగిలిన పాత పౌడరులో సత్తువ ఉండదు. కొసయింటి నల్లాలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. ఆ పరీక్షను మీ ఎదుట చేయుమని కార్యదర్శిని అడుగుడి. కోపముతో కాదు, నేర్చుకొనుటకు వచ్చినవారివలె.

మూడవది, బేదులు పట్టినవానికి దవాఖాన చేరులోగా ఇవ్వవలసిన నీళ్లను ఆదివారపు బడి పిల్లలకు నేర్పుడి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో చిన్న చెంచాతో ఆరు తలకొట్టు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఎక్కువ ఉప్పు హాని. కొంచెము కొంచెముగా త్రాగించుచు దవాఖానకు తీసికొనిపోవలెను.

నాలుగవది, రోగము పుట్టినప్పుడు "ఎవరి తప్పు" అని మొదలుపెట్టకుడి. "ఏ ఇండ్లు, ఏ దినము, ఏ నీళ్లు" అని మొదలుపెట్టుడి. మీ వాడలో రెండిండ్లకు ఒకేసారి వాంతులు పుట్టిన యెడల మూడవ ఇంటివరకు కాచుకొనక ఆ గంటలోనే ఆశా కార్యకర్తకు చెప్పుడి. మా ముసలమ్మ నాలుగవ నాడు పోయినది. రెండవ నాడే ఎవరైనను ఆ కాగితముపై చుక్కలు పెట్టియుండిన ఆమె ఆ సంవత్సరము క్రిస్మసు పాటలలో మాతో ఉండెడిదేమో.

ప్రభువు మన ఊళ్లలో ఇట్టి మనుష్యులను లేపును గాక. వారు మన గడప యొద్దకు నోటు పుస్తకముతో వచ్చినప్పుడు, పని మానియైనను వారి ప్రశ్నలకు ఓపికతో జవాబు చెప్పుటకు మనకు మనస్సు ఇచ్చును గాక.